ఊరికే అడిగిన ప్రశ్న

‘విశేషం ఏమైనా ఉందా?’ పెళ్లైన ఆర్నెల్లకు ఈ మాట విన్న స్త్రీకి అది కుశలప్రశ్న కాదనీ, తన గర్భం గురించిన వాకబనీ తెలుసు. అదే మాట ఆమె భర్తను అడిగితే ఉద్యోగం కబుర్లు చెప్పి తప్పుకోవచ్చు.

వాక్యం చివర ‘కదా’ వంటి ప్రశ్న తగిలించడం స్త్రీల సంకోచానికి గుర్తని రాబిన్ లేకాఫ్ 1975లో రాశారు. అదే ఏడాది డుబోయిస్, క్రౌచ్ తాము పరిశీలించిన విద్వత్సభలో అలాంటి ప్రశ్నలన్నీ మగవాళ్లే వేశారని చూపించారు. ఈ చర్చంతా అడిగేవాళ్ల చుట్టూనే తిరిగింది. జవాబు చెప్పాల్సిన మనిషి సంగతి?

తెలుగులో ఆ మనిషిని ఇరికించేవి చిన్నచిన్న మాటలు. ‘ఉద్యోగం చేస్తున్నావా?’ మామూలు ప్రశ్నే. ‘ఉద్యోగం కూడా చేస్తున్నావా?’ అంటే ఇల్లెవరు చూస్తున్నారని. ‘ఇంకా చేస్తున్నావా?’ అంటే మానెయ్యాల్సిన వేళ దాటిందని. ‘ఒక్కదానివే వచ్చావా?’లో ఆ ‘ఏ’ను కాస్త సాగదీస్తే చాలు, ప్రశ్న విచారణైపోతుంది. (నా పిహెచ్.డి. రోజుల్లో తోటి అబ్బాయిలను ‘ఎంతవరకు వచ్చింది?’ అనేవారు, నన్ను ‘ఇంకా అవలేదా?’ అనేవారు.)

అభ్యంతరం చెబితే ‘ఊరికే అడిగాను’ అనేస్తారు. మాటల్లో తప్పు దొరకదు, స్వరాన్ని సాక్ష్యంగా చూపలేం. పెడర్థాలు తీస్తుందన్న పేరు మాత్రం విన్నామెకే వస్తుంది.

మన విమర్శ కథల్లోని సంభాషణను మాండలికం కోసం, కులం కోసం శ్రద్ధగానే చదువుతోంది. ‘వెటకారంగా అంది’ అన్నచోట మాత్రం ఆగదు. పైగా అలాంటివి తీసెయ్యమని కొత్త రచయిత్రులకు సలహా. అచ్చులో ‘ఎప్పుడొచ్చావు?’ అన్న అత్తగారి ప్రశ్న వేళనే అడుగుతుంది. ఎందుకొచ్చావన్నది ఆ తీసేసిన మాటలో ఉండేది.