తీర్పు చెప్పే వంతెన

మా పామర్రు చుట్టూ ఎటు చూసినా చేలే. కారు రొప్పుతూ ఎక్కాల్సిన గుట్ట ఒక్కటీ లేదు. అందుకే నాన్నగారి 1978 అంబాసిడర్‌కి నేను టైమింగ్ పెట్టిన ప్రతిసారీ తీర్పు చెప్పేది కాలువ వంతెనే.

ఆదివారం పొద్దున్నే మొదలుపెడతాను. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి ముందు పాయింట్ల సందు చూడాలి. గేజీలోని 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) రేకు అందులోంచి కాస్త పట్టి పట్టి జారాలి. ఈ సందు మారితే టైమింగూ మారిపోతుంది, కనక వరస తప్పకూడదు. తర్వాత హ్యాండిల్‌తో ఇంజన్ మెల్లగా తిప్పుతూ పుల్లీ మీది గాటును ముళ్ల దగ్గరికి తేవాలి. ముళ్లు మూడు. పొడుగుది పిస్టన్ నెత్తికెక్కిన చోటుకు గుర్తు, మిగతావి 5, 10 డిగ్రీల ముందుకు. పెట్రోలు అంటుకుని కాలడానికి రవ్వంత వ్యవధి కావాలి, అందుకే పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పడాలి.

అయితే రెండు చుట్లలో ఆ గాటు రెండుసార్లు ముల్లు దగ్గరికొస్తుంది. అసలుది ఒకటే. కొత్తలో నేను రెండోదాన్ని నమ్మి, ప్లగ్ వైర్లు 1-3-4-2 వరసలోనే, కానీ ఎదురు కొస నుంచి తగిలించాను. సెల్ఫ్ కొట్టగానే కార్బురేటర్లోంచి ఢామ్మని మంట! అరుగు మీద పడుకున్న కుక్క మూడు రోజులు మా గడప తొక్కలేదు. బెజవాడ ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రీకి చెబితే నవ్వి, "అబ్బాయ్, ఒకటో ప్లగ్గు ఊడదీసి కన్నం మీద బొటనవేలు పెట్టు. గాలి తన్నిందా, అదీ లెక్క" అన్నారు.

ఇక 12 వోల్టుల బల్బు. ఒక వైరు డిస్ట్రిబ్యూటర్‌కొచ్చే సన్న తీగ దగ్గర, రెండోది బాడీకి. తాళంచెవి తిప్పి, క్లాంపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పుతుంటే బల్బు ఠక్కున వెలుగుతుంది. పాయింట్లు విడిపోయాయన్నమాట, నిప్పు పడేది ఆ క్షణమే. అక్కడే బిగించాలి. చెయ్యి ఒక డిగ్రీ జారితే ఇంజన్ దగ్గర అది రెండు డిగ్రీలు.

కారు పుస్తకంలో 5 డిగ్రీలని రాసింది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో. సీసం 2000లో దేశమంతటా పోయింది. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఐదో వంతు ఇథనాల్. ఉయ్యూరు చెరకు బళ్లు చూస్తూ పెరిగినవాళ్లం, ఆ చెరకు మడ్డి సరుకు మా ట్యాంకులోకి వస్తుందని ఎవరనుకున్నాం? కాబట్టి పుస్తకం మాట మొదలుపెట్టడానికే. ఆ తర్వాత నా చెవే దిక్కు.

టాప్ గేర్లో వంతెన మొదట్లో యాక్సిలరేటర్ తొక్కుతాను. డబ్బాలో గోళీలు ఆడినట్టు ఇంజన్ చిటపటలాడితే నిప్పు మరీ తొందరపడుతున్నట్టు. చప్పుడు లేకుండా నీరసంగా లాగుతూ వేడెక్కిపోతే ఆలస్యమవుతున్నట్టు. రోటార్ తిరిగే దిక్కుకు ఎదురు తిప్పితే ముందుకి, దాంతోపాటే తిప్పితే వెనక్కి.

మొన్న రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లూ గోళీలే. ఓ పిసరు వెనక్కి జరిపాను. మూడోసారి మావాడు తల కిటికీ బయటపెట్టి, "ఏమీ వినపడట్లేదు నాన్నా" అన్నాడు. స్పానర్ డిక్కీలోనే ఉంచి, కారు ఇంటివైపు తిప్పాను.