తెల్లకాళ్ల బ్యాచ్

"కాళ్లు తెల్లగున్నయేందన్నా? రోగమొచ్చిందా?"

లిఫ్టింగ్‌కు వచ్చిన ట్రేడరు కోడిని తలకిందులుగా పట్టుకుని అడిగాడు. బరువు బాగానే ఉంది. చచ్చినవీ తక్కువే. అయినా కిలోకు మూడు రూపాయలు కోశాడు. కోడికి ఏ రోగమూ లేదు. ఆ బ్యాచ్‌కి నేను మక్కలు మానేసి నూకలు పెట్టాను, అంతే.

బ్రాయిలర్ కాళ్లకు, తోలుకు ఆ పసుపు మక్కల్లోని జాంతోఫిల్ వల్ల వస్తుంది. నూకల్లో అది ఉండదు. చిత్రమేమిటంటే మన చికెన్ కొట్ల దగ్గర తోలు తీయించుకునేవాళ్లే ఎక్కువ, కాళ్లు ఎలాగూ నరికి పక్కన పడేస్తారు. తినని చోట రంగు చూసి తినే మాంసానికి ధర కడుతున్నాం. ఈ మాట ట్రేడరుతో అన్నాను. నవ్వాడు, ధర మాత్రం పెంచలేదు.

నూకల జోలికి సరదాగా పోలేదు. బ్రాయిలర్ దాణాలో 55 నుంచి 65 శాతం మక్కలే. కోడిని పెంచే ఖర్చులో దాదాపు మూడింట రెండొంతులు దాణాకే పోతుంది. ఇథనాల్ కంపెనీలు మక్కల మీద పడ్డాక మా లెక్క తప్పింది. ఏళ్ల తరబడి మక్కలు ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకుంది. మాది సిద్దిపేట పక్కన, చుట్టూ మక్క చేలే. ఆ చేల గట్టు మీద నిలబడి మక్కల కోసం ఊరూరికీ ఫోన్లు చేశాను.

నూకల శక్తి మక్కలకు దగ్గర్లోనే ఉంటుంది. నూనె మాత్రం మక్కల్లో నాలుగు శాతం దాకా ఉంటే నూకల్లో ఒకటో ఏమో. అందుకే దాణా పొడిపొడిగా అయి, ఫీడరు దగ్గర పిండి లేస్తుంది. నూనె కలిపితే అణుగుతుంది, ఆ ఖర్చు వేరే. కాళ్ల రంగు కోసం బంతిపూల సారం కలపాలంటే అదింకో ఖర్చు.

జొన్న గురించి చాలాకాలం ఒక పొరపాటు నమ్మకంతో ఉన్నాను. ఎర్రగా ఉంటే టానిన్ ఉన్నట్టే, కోడికి అరగదు అని. గింజ రంగుకూ టానిన్‌కూ అంత లంకె లేదు. పైపొర కింద మరో రంగుపొర ఉన్న గింజల్లోనే అది ఉంటుంది. బ్లీచింగ్ ద్రావణంలో కాస్త కాస్టిక్ సోడా వేసి నానబెడితే అలాంటి గింజలు నల్లబడతాయి. ఇది తెలియక మంచి ఎర్రజొన్న వదిలేసి, వానకు తడిసి బూజు పట్టిన తెల్లజొన్న కొన్నాను ఒకసారి. ఆ బ్యాచ్ సంగతి వద్దులెండి.

నాకు నచ్చింది సజ్జ. మక్కల్లో మాంసకృత్తులు తొమ్మిది శాతం లోపే, సజ్జల్లో పదకొండు పన్నెండు. సోయా చెక్క కొంచెం తగ్గించుకోవచ్చు. గింజ చిన్నది కాబట్టి గ్రైండరు జల్లెడలోంచి కొన్ని అలాగే జారిపోతాయి. మా కుర్రాడు కంగారు పడ్డాడు కానీ కందనకాయ ఉన్నది దేనికి? చిక్కల్లా నిల్వలోనే. నూనె ఎక్కువ కాబట్టి మరపట్టిన పిండి త్వరగా చేదెక్కుతుంది. మూడు రోజులకు సరిపడా మాత్రమే పట్టిస్తున్నాం.

ఇక డీడీజీఎస్. మక్కలకు బదులు ఇదే అని ఏజెంట్లు సంచులు మోసుకొస్తారు. ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి ఇది. గింజలో మూడింట రెండొంతులుండే పిండిపదార్థం సారాయిగా పోయింది, ఇక కోడికి శక్తి ఎక్కడిది? అది సోయా చెక్కకు బదులు కావచ్చునేమో కానీ మక్కలకు కాదు. పైగా పిండి పోగా మాంసకృత్తులు చిక్కబడ్డట్టే విషమూ చిక్కబడుతుంది. బూజు గింజలో ఉన్న అఫ్లాటాక్సిన్ పిప్పిలో సుమారు మూడు రెట్లవుతుంది. మన మక్కలు తీసుకెళ్లి, సారం పిండుకుని, పిప్పి మనకే అమ్మడం మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అయినా టెస్ట్ రిపోర్టు చూపించినప్పుడు కొద్దిగా కొంటున్నాను.

ఇప్పుడున్న బ్యాచ్‌కి మొదటి రెండు వారాలు మక్కలే పెట్టాను. పిల్లల పేగుతో ప్రయోగాలు చేసే ధైర్యం లేదు. తర్వాత ఐదు రోజులు కొంచెం కొంచెంగా మారుస్తూ మక్కల్లో మూడో వంతు తీసేసి సజ్జలు, నూకలు కలిపాను. ఈరోజుకు ఇరవై తొమ్మిదో రోజు. ఊక పొడిగా ఉంది. కాళ్లు లేత పసుపు. ట్రేడరు గురువారం వస్తానన్నాడు, పొద్దు పొడవకముందే రమ్మన్నాను.