బయానాకు ముందు వారం

మన దగ్గర ఇల్లు కొనేటోళ్లు ధర మీద ఎంతైనా బేరమాడతారు, సంతకాల మీద మాత్రం ఆడరు. గజానికి రెండు వందలు తగ్గించుకోవడానికి పెద్దమనుషులను పెట్టి నాలుగు సార్లు కూర్చుంటారు గానీ, అమ్మేవాళ్ల చెల్లె సంతకం పెడుతుందా అని ఒక్కసారీ అడగరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో చుట్టాలు ఇల్లు చూడ్డానికి తోడు రమ్మంటే పోవడం నాకు అలవాటు. అలా తిరిగి తెలుసుకున్నది ఒకటే. కొనేవాడి బలమంతా బయానా (అడ్వాన్సు) చేతిలో ఉన్నంతసేపే. ఇచ్చాక మిగిలేది బతిమాలడం.

మన పట్టణాల్లో ఇంకో చిక్కు ఉంది. డబ్బు పంపేవాడు దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఇల్లు చూసేది భార్యో, బామ్మర్దో. మధ్యవర్తి వాట్సాప్‌లో వీడియో పంపుతాడు. అందులో గ్రానైటు మెరుస్తుంది, సీలింగు లైట్లు వెలుగుతాయి. ఇంటి వెనక మోరీ కనబడదు, పక్కింటి సాంచాల (మరమగ్గాల) చప్పుడు వినబడదు. అందుకే ఎవరో ఒకరు మొఖా మీద నిలబడాలి, అదీ ఒక పూట కాదు.

సిరిసిల్లలో సాంచాలు నడిచే వేళకే ఇల్లు చూడాలి. ఒకసారి ఒక పడకగదిలో వెనక గోడ మీద అరచేయి పెట్టి చూశాను. గోడ సన్నగా అదురుతోంది. అల్మారలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఆ గోడకు అవతల మరమగ్గాల షెడ్డు. ‘అలవాటైతది అన్నా’ అన్నాడు ఇంటాయన. అలవాటు పడే ఓపిక మనిషికి ఉంటుందేమో గానీ గోడకు ఉండదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు దిగి ఉంది. ప్లాస్టరు మీద వెంట్రుకలాంటి గీతలకు భయపడనక్కర్లేదు. ఏటవాలు పగులు కనబడితే మాత్రం అనుభవమున్న మేస్త్రీని వెంట తీసుకెళ్లాకే ధర మాట ఎత్తాలి. సిరిసిల్ల ప్రాంతంలో కరెంటు ఇచ్చేది సహకార సంఘమైన సెస్. మీటరు ఎవరి పేర ఉంది, ఇంటి మీటరా సాంచాల మీటరా, బకాయి ఎంత అన్నది అక్కడే కనుక్కోవచ్చు.

తర్వాత నీళ్లు. 2021 సెప్టెంబర్ వానలకు సిరిసిల్ల కాలనీలు మునిగాయి, కలెక్టరేట్ చుట్టూ కూడా నీళ్లు నిలిచాయి. ఇల్లు మునిగిందా అని అమ్మేవాణ్ని అడిగితే లేదనే అంటాడు. ఎదురింటి అక్కను, మూల మీద కిరాణా కొట్టాయనను అడగండి. ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యెత్తి చూపిస్తారు. గోడకు కింది మూడడుగులు మాత్రమే కొత్త సున్నం వేసి ఉంటే దాని కింద తేమ ఉందనే అనుకోండి.

ఇక కాగితాలు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూపిస్తే అంతా సాఫ్ అనుకుంటాం. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది, అందులోనూ రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. సాదా బైనామా (తెల్ల కాగితం) మీద చేతులు మారిన భూమి, నోటరీ అగ్రిమెంటు, కోర్టులో నడిచే దావా అందులో రావు. అందుకే లింక్ డాక్యుమెంట్లన్నీ వరుసగా చదివించాలి, హద్దులను టేపుతో కొలిచి డాక్యుమెంటుతో పోల్చాలి. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెబుతుంది గానీ ఇల్లు ఎవరిదో తేల్చదు.

ఊరి పొలిమేరల్లో గుంటల లెక్కన అమ్మే వెంచర్లున్నాయి. గుంటంటే 121 గజాలు. లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని ముక్కలు చేసి అమ్మే ఉపాయం అది. ‘ఎల్ఆర్ఎస్ కట్టుకుంటే అయిపోతది’ అంటారు. ఆ లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం 2020 ఆగస్టు 26 నాటికే ఉన్న లేఅవుట్లకు, ఆ తర్వాత పుట్టిన వెంచర్‌కు కాదు. మాస్టర్ ప్లాన్ సంగతి 2023 జనవరిలో జగిత్యాల చుట్టుపక్కల రైతులు అందరికీ గుర్తుచేశారు. తమ పొలాలను ఏవేవో జోన్లలో చూపారని రోడ్డెక్కితే మున్సిపాలిటీ ముసాయిదాను రద్దు చేసుకుంది. కొనే ముందు సర్వే నంబరు పట్టుకుని టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లండి. ఆ స్థలం ఏ జోన్, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులకు వెడల్పవుతుంది అని అడగండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కొంటే 1977 చట్టం ప్రకారం చెల్లదు. సిరిసిల్ల పక్కన మండెపల్లిలో 2021 జూలైలో ప్రారంభించిన 1,320 డబుల్ బెడ్‌రూం ఇళ్లలాంటివి కూడా ఉండడానికిచ్చినవే, అమ్ముకోవడానికి కాదు. చవకగా వస్తుందని ఆశపడొద్దు.

అన్నిటికంటే ఎక్కువ ఇళ్ల పంచాయితీ పుట్టేది సంతకాల దగ్గర. ‘ఆడబిడ్డకు కట్నం ఇచ్చినం, ఇంకేం వాటా?’ అంటాడు అమ్మే అన్న. తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లయి, వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమాన వాటా. పిత్రార్జితమైతే 2005 సవరణ ఉంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టి చేసింది. ముస్లిం కుటుంబాల్లోనూ కూతురికి వాటా ఉంది. కట్నం ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఆమె రిజిస్ట్రేషన్‌లో సంతకం చేయాలి, లేదా రిలీజ్ డీడ్ రిజిస్టరు చేసివ్వాలి.

అమ్మేవాళ్లలో ఒకరు షార్జాలో ఉంటే జీపీఏ, అంటే ఆయన తరఫున సంతకం చేసే అధికారపత్రం వస్తుంది. అక్కడి మన కాన్సులేట్ ధ్రువీకరించిందా, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టారా చూడండి. రాసినాయన బతికే ఉన్నాడా, తర్వాత రద్దు చేసుకోలేదా అని వీడియో కాల్‌లో ఆయన్నే అడగండి. ఆయన చనిపోతే ఆ జీపీఏ కూడా చెల్లదు. అమ్మేవాడు ప్రవాసి అయితే పన్ను మినహాయించి కట్టే బాధ్యత కొనేవాడిదే. స్థానికుడి దగ్గర కొంటే వర్తించే 50 లక్షల పరిమితి ఇక్కడ లేదు. ముందే ఆడిటర్‌ను కలవండి.

ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి. 2021 జూలై నుంచి మన రాష్ట్రంలో స్టాంపు, బదిలీ సుంకాలు, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 30 లక్షల ఇంటికి 2,25,000 పక్కన పెట్టుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. గొడవొస్తే చేతికిచ్చిన నగదుకు రుజువు ఉండదు.

ఇదంతా కనుక్కోవడానికి ఒక వారం చాలు. ‘రేపటికల్లా బయానా ఇయ్యకుంటే వేరేటోళ్లు కొంటరు’ అని మధ్యవర్తి తొందరపెడితే, కొననివ్వండి. వారం గడువు ఇవ్వననే ఇంటిని వదిలేయండి.