తోట కింద గడ్డి

సూరత్ దగ్గర జోల్వాలో మామిడితోట ఉందంటే సిరిసిల్లలో మా చుట్టాలు నమ్మరు. కడోదరా దాటి బార్డోలీ రోడ్డు ఎక్కితే రెండు పక్కలా కనిపించేవి మగ్గాల ఖాతాలు (షెడ్లు), రంగుల మిల్లుల పొగగొట్టాలు, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు. సూరత్‌కు వలస వచ్చిన మా నేతపని వాళ్లకు ఈ చుట్టుపక్కలంటే పాలియెస్టర్ గుడ్డే. కానీ ఖాతాల వెనక్కి పోతే చెరకు, ఆ చెరకు మధ్యలో అక్కడక్కడా వాడీలు. ఇక్కడ పళ్లతోటల్ని అలాగే పిలుస్తారు. కాక్రాపార్, ఉకాయ్ కాలువల నీళ్లు వచ్చాక ఈ నల్లరేగడిలో చాలా భాగం చెరకు కిందికి పోయింది. మిగిలిన తోటల యజమానులు చాలామంది అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటారు. నేను చూసుకుంటున్నదీ అలాంటి తోటే. సాంచాల (మరమగ్గాల) పని మానేశాక తోట యజమాని శేఠ్ అడిగాడు, సరేనన్నాను. కేసర్ చెట్లు ఎక్కువ, రాజాపురీ కొన్ని, లంగడా నాలుగైదు, కంచె దగ్గర ముసలి నాటుచెట్టు ఒకటి.

తోటమాలిని ఊరు కొలిచేది కాయతో కాదు, నేలతో. చెట్టు కింద ఊడ్చిపెట్టినట్టుంటే బుద్ధిమంతుడు, గడ్డి కనిపిస్తే సోమరి. అందుకే గడ్డిమందు కొడతారు, లేదా ఏటా రోటావేటర్ తిప్పిస్తారు. మామిడికి తిండి పీల్చే సన్నవేళ్లు పైమట్టిలోనే ఎక్కువగా ఉంటాయి. రోటావేటర్ గడ్డితోపాటు వాటినీ కోసేస్తుందని చెబితే వినేవాళ్లు తక్కువ. నేను రెండూ మానేశాను. వానలు తగ్గాక కొడవలితో కోయించి, కోసిన గడ్డిని అక్కడే పరిపిస్తాను. వేసవిలో చెయ్యి పట్టేంత పగుళ్లిచ్చే ఈ నేల, గడ్డి కప్పిన చోట అంతగా నోరు తెరవదు.

అలాగని మొలిచిన ప్రతిదానికీ దండం పెట్టే రకం కాదు నేను. వయ్యారిభామను పూత పట్టకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకుతాను. వానాకాలంలో దాని ఆకుల మీద తెల్లటి ఒంటి మీద ముదురు గీతలున్న చిన్న పెంకుపురుగులు కనిపిస్తాయి. మెక్సికో నుంచి 1984లో బెంగళూరుకు తెప్పించి, ఈ కలుపు మీదికే వదిలిన పురుగుల సంతతి అది. అవి తిన్నంత తినగా మిగిలింది నా వంతు. తుంగతో పోరాడటం ఎప్పుడో మానేశాను, ఆ యుద్ధంలో గెలిచిన రైతు పుట్టలేదు. తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, గడ్డిచేమంతి, అత్తిపత్తి మాత్రం వాటి ఇష్టం. వాటి మీద ఏడాది పొడుగునా ఈగలు, చిన్న తేనెటీగలు, కందిరీగలు వాలుతూనే ఉంటాయి. చలికాలంలో మామిడి పూత విచ్చే వేళకు నాకు కావలసింది ఆ గుంపే. మామిడికి పరాగసంపర్కం చేసేది ముఖ్యంగా ఈగలు. అసహ్యించుకుంటాం గానీ, అవి లేకపోతే ఆవకాయ లేదు. ఒక్కో గెలలో పూలు వందలూ వేలూ ఉన్నా ఎక్కువ మగపూలే, నూటికి ఒక్కటి కూడా కాయగా నిలవదు. అంత బొటాబొటిగా నడిచే లెక్కలో, పూత విచ్చుకున్న వారాల్లో మందు కొట్టడమంటే కూలికొచ్చిన వాళ్లను గేటు దగ్గరే కొట్టి తరమడం.

ఇక చెట్టు మీద ఆకులతో గూడు కట్టే ఎర్రచీమలు. వీటి గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. పెద్ద చీమలు వరసగా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగుతాయి. అందకపోతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. అప్పుడు ఇంకొన్ని చీమలు తమ గూటి పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి, వాటి మూతిని ఈ అంచుకు తాకించి, ఆ అంచుకు తాకించి, మళ్లీ ఇటు తెస్తాయి. పురుగు నోటి నుంచి పట్టుపోగు వస్తూనే ఉంటుంది. మా నాయన మగ్గం మీద నాడె ఆడించింది ఇలాగే. ఇతర జాతుల్లో చాలా చీమల పిల్లలు ఈ పట్టుతో తమ ఒంటికి గూడు చుట్టుకుంటాయి. వీటికి ఆ యోగం లేదు, పోగంతా ఇంటికే పోతుంది. నేసినవాడి ఒంటి మీద బట్ట లేకపోవడం మా కులానికి కొత్త కథేం కాదు లెండి.

ఈ చీమలున్న కొమ్మ మీద తేనెమంచు పురుగు అంత సులువుగా కాపురం పెట్టలేదు. క్రీస్తుశకం 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథంలో, నారింజతోటల వాళ్లు ఇలాంటి చీమగూళ్లను బజారులో కొనుక్కెళ్లేవారని ఉంది. ఈ కాలంలో ఆస్ట్రేలియా ఉత్తరాన మామిడితోటల్లో పరిశోధకులు వీటినే కాపలా పెట్టి చూశారు. ఒడిశా మయూర్‌భంజ్‌లో వీటిని పచ్చడి నూరుకుంటారు, దానికి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయితే చీమలు పుణ్యానికి కాపలా కాయవు. తీపి రసం కోసం పిండినల్లినీ పొలుసుపురుగునూ పెంచి పోషిస్తాయి, ఆ రసం పడిన ఆకు మీద మసి పట్టుకుంటుంది. కోతకు ఎక్కిన కుర్రాళ్లను కుట్టి చంపుతాయి. కాపును గుత్తకు తీసుకునే గుత్తేదారుకూ నాకూ ఏటా గొడవ ఇక్కడే.

బదనిక దగ్గర మాత్రం నాకు జాలి లేదు. బొటనవేలంత పిట్ట ఒకటి దాని పండు తిని, జిగురు గింజను కొమ్మకు రాసిపోతుంది. గింజ అక్కడే వేరు దించి మామిడి రసం తాగుతుంది. పూలు అందంగా ఉంటాయి, తేనెపిట్టలు వదలవు. అయినా కంటపడగానే కొమ్మను ముడికి బాగా కిందికి కోయిస్తాను. ఆకులు మాత్రమే తుంచితే మళ్లీ చిగురిస్తుంది.

గడ్డి గురించిన ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. స్పెయిన్ దక్షిణాన ఆలివ్ తోటల్లో కూడా నేలను గీకి నున్నగా ఉంచడమే గొప్ప. దాంతో వాలునేలల మట్టి వానకు కొట్టుకుపోతోంది. 2015లో అక్కడ ఇరవై తోటల్లో ‘ఒలివారెస్ వివోస్’ పేరుతో గడ్డిని ఉండనిచ్చి, అంచుల్లో పొదలు నాటి, పిట్టలకు చోటిచ్చి చూశారు. ఆ తోటల నూనెకు ప్రత్యేక ముద్ర కూడా వచ్చింది. మన దేశంలో ఆలివ్‌ను ఇజ్రాయెల్ సాయంతో రాజస్థాన్ తలకెత్తుకుంది. పూత రావాలంటే దానికి చలి పడాలి, సూరత్ చలికాలం దాన్ని వణికించలేదు. మనకు మామిడి చాలు. కాయలమ్ముకునే ముద్ర ఒకటి మనకూ ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. గడ్డి ఉన్న తోట కాయకు పైసా ఎక్కువ ఇచ్చే వ్యాపారి ఇంకా నాకు తగల్లేదు.

చలికాలంలో చెరకు నరుకుడు మొదలయ్యాక తోటకు అతిథులు పెరుగుతారు. తలదాచుకునే చోటు పోయిన ముంగిసలు, జెముడుకాకులు, అడవిపందులు ఇటు మళ్లుతాయి. వాటి వెనకే చిరుతపులి. సూరత్ జిల్లా చెరకు తోటల్లో చిరుతలు తిరగడం, పిల్లల్ని పెట్టడం ఇక్కడివాళ్లకు వింత కాదు. కాలువ బురదలో అడుగుజాడ కనిపిస్తే చీకటి పడ్డాక తోటకు పోను, కుక్కను ఇంటి లోపల కట్టేస్తాను, పక్క చెరకులో గుడిసెలేసుకున్న కోతకూలీలకు పిల్లల్ని దగ్గర పెట్టుకోమని చెప్పివస్తాను. ధైర్యం చూపించే సందర్భం కాదది.

మొన్న శేఠ్ వీడియో కాల్‌లో నేల చూపించమన్నాడు. చూసి, “ఏంటి భాయ్, తోటను ఎవరూ పట్టించుకోవట్లేదా?” అన్నాడు. కిందటేడు గుత్త డబ్బు ఎంత వచ్చిందో గుర్తు చేశాను. తగ్గలేదు గనక ఆయన తగ్గాడు. చీమల విషయంలో గుత్తేదారు అంత తేలిగ్గా దిగలేదు. చివరికి ఒప్పందం ఇదీ: రోడ్డు వైపు రెండు వరసల్లో, కోత ఎక్కువగా జరిగే చోట, చీమగూళ్లను కొమ్మతో సహా కోసి కంచె దగ్గర నాటుచెట్టు మీదికి తరలించాలి. మందు కొట్టకూడదు. కుట్టించుకున్న కుర్రాళ్లకు కూలి పైన కొంత చేర్చివ్వాలి, అది మా ఇద్దరికీ చెరిసగం. తరలించే పని తెల్లవారుజామున, చీమలు మందకొడిగా ఉన్నప్పుడు చెయ్యాలి. పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు, పాదాలకు బూడిద. బూడిద మీద వాటి కాళ్లు నిలవవు.