‘శాంక్షన్’: అనుమతి, దండన ఒకే మాటలో

‘శాంక్షన్’ అనగానే మీకు బ్యాంకు రుణం గుర్తుకు వస్తుంది. “ఇల్లు శాంక్షనయింది”, “పింఛను శాంక్షనయింది” అని ఇంగ్లీషు చదవనివారు కూడా అంటారు. మన వాడుకలో ఆ మాటకు ‘మంజూరు’ అనే అర్థం ఒక్కటే స్థిరపడింది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

చాలా ఏళ్ల క్రితం జవాబుపత్రాలు దిద్దుతూ ఒక అనువాదం చదివాను. 1935లో ఇథియోపియాపై దాడిచేసిన ఇటలీకి నానాజాతి సమితి ‘మంజూరు’ ఇచ్చిందని అందులో ఉంది. సున్నా వేశాను. నిజానికి సమితి ఇటలీపై ఆర్థిక ఆంక్షలు విధించింది. దోషిని నిర్దోషిని చేసిన అనువాదం అది. అయితే ఈ మాటకు రెండో అర్థం ఉందని తరగతిలో చెప్పనిది నేనే కదా!

ఒకే మాటకు ఇంత విరుద్ధమైన అర్థాలు ఎలా వచ్చాయి? దీని మూలం లాటిన్. పవిత్రమైనదిగా, ఉల్లంఘించరానిదిగా శాసించడం అని మూలధాతువుకు అర్థం. ‘సెయింట్’ కూడా ఆ కుటుంబంలోని మాటే. శాసనానికి రెండు పార్శ్వాలుంటాయి: అధికారుల ఆమోదం, మీరినవారికి శిక్ష. ఇంగ్లీషు రెండింటినీ నిలుపుకొంది. 1789లో వెలువడిన గ్రంథంలో జెరెమీ బెంథామ్, మనిషి నడవడిని నియంత్రించే శక్తులను భౌతిక, రాజకీయ, నైతిక, మతపరమైన శాంక్షన్లుగా విభజించాడు.

వాడుకను గమనించండి. బహువచనంలో, ‘ఆన్’ లేదా ‘ఎగైనెస్ట్’తో వస్తే సాధారణంగా దండన. ఏకవచనంలో, ‘ఫర్’తో వస్తే తరచుగా అనుమతి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగిపై అభియోగం నడపడానికి కావలసిన ‘శాంక్షన్’ శిక్ష కాదు, ముందస్తు అనుమతి.

మన పత్రికలు వాడే ‘ఆంక్షలు’ అనే మాట కూడా పూర్తిగా సరిపోదు. ‘ట్రాఫిక్ ఆంక్షలు’ అన్నప్పుడు అది పరిమితి మాత్రమే. తప్పుకు దండన అనే భావం అందులో లేదు. అయినా వాడుకలో కుదురుకున్నది కనుక దాన్నే వాడండి, ఆ లోటు తెలిసి వాడండి.

ఇకపై ఈ మాట ఎదురైతే నిఘంటువులోని మొదటి అర్థం దగ్గరే ఆగకండి. ఇచ్చినదా, విధించినదా అని వాక్యాన్ని అడగండి. జవాబు అక్కడే దొరుకుతుంది.