బొగ్గుగని పటంలో ఒకే నీలిగీత

భూగర్భజలాన్ని గూర్చి పాఠం చెప్పేటప్పుడు నల్లబల్లపై మనమందరం వేసే పటం ఒకటి ఉన్నది. పైన నేల, కింద అడ్డంగా ఒక నీలిగీత, ఆ గీతకు దిగువనంతా నీరు. ఓపెన్ కాస్ట్ బొగ్గుగనిని చూపవలసి వస్తే అదే పటంలో పెద్ద గొయ్యి గీసి, నీలిగీతను గనివైపు వంచుతాము. ఈ పటంలో సత్యం లేకపోలేదు. గనిలో ఊరే నీటిని పంపులతో తోడితే చుట్టుపక్కల నీటిమట్టం గరాటు ఆకారంలో గనివైపు వాలుతుంది. కాని బొగ్గు ఉన్నచోట ఈ పటం చాలదు. ఒక్కొక్కప్పుడు తప్పుదారి కూడా పట్టిస్తుంది.

మొదటి లోపం, ఇందులో నేలంతా ఒకే పదార్థం. బొగ్గు అటువంటి నేలలో దొరకదు. మన గోదావరి లోయనే చూడండి. సింగరేణి గనులున్న గోండ్వానా శిలలలో ఇసుకరాయి, షేల్, బంకరాయి, బొగ్గు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. ఇసుకరాయి నీటిని నిలువ చేసుకొని కదలనిస్తుంది. బంకమన్నులో ఖాళీలు తక్కువేమీ కావు. కాని అవి మిక్కిలి సన్ననివి కావటంవల్ల నీరు వాటిగుండా కదలలేదు. శుభ్రమైన ఇసుకకూ బంకమన్నుకూ నీటిని పోనిచ్చే శక్తిలో లక్ష రెట్లకు మించిన తేడా ఉండవచ్చు. నీటి ప్రవాహం పీడనంలోని తేడాపైనా, పొర స్వభావంపైనా ఆధారపడుతుందని 1856లోనే ఫ్రెంచి ఇంజనీరు డార్సీ ఇసుకతో ప్రయోగాలు చేసి నిరూపించాడు.

కాబట్టి బొగ్గుగని చుట్టూ ఉండేది ఒక నీటిమట్టం కాదు, పొరకొకటి. పై పొరలోని దిగుడుబావికి ఏటా వాననీరు నేరుగా చేరుతుంది. బంకపొర కింద బిగుసుకొని ఉన్న ఇసుకరాయిలో అట్లా కాదు. గని దానిని కోసినప్పుడు అందులోని పీడనం చాలా దూరం వరకు పడిపోతుంది. అందుచేత గనికి అరకిలోమీటరు దూరంలోని దిగుడుబావి నిండుగా ఉండి, రెండు కిలోమీటర్ల దూరంలోని గొట్టపుబావి ఎండిపోవచ్చు. పొరలు వాలుగా ఉండటం, భ్రంశాల వద్ద తెగి జారటం ఈ లెక్కను మరింత చిక్కుపరుస్తాయి.

రెండవ లోపం, పటంలో నీరు గనిలోకి పక్కలనుండే వస్తుంది. అడుగునుండి కూడా రావచ్చునని తమిళనాడులోని నైవేలీ నేర్పుతుంది. అక్కడ 1957లో తవ్వకం ప్రారంభమై, 1961లో లిగ్నైట్ పొర బయటపడినది. ఆ పొర కిందనున్న ఇసుకలో నీరు గొప్ప పీడనంతో ఉన్నది. పీడనం నీటిని గని అడుగుకంటె 60 మీటర్ల ఎత్తుకు లేపగలిగినదైతే, ప్రతి చదరపు సెంటీమీటరుపై దాదాపు 6 కిలోల బలం పైకి నెడుతుంది. పైనున్న మట్టి బరువు తొలగించిన కొద్దీ గని అడుగు ఉబికి పగిలే ప్రమాదం ఉన్నది. అందుకే అక్కడ గొట్టపుబావులు వేసి రాత్రింబవళ్ళు నీరు తోడవలసి వచ్చినది.

మూడవ లోపం, పటం గొయ్యితోనే ముగుస్తుంది. బొగ్గు తీసిన తరువాత మట్టిని తిరిగి గోతిలో నింపినా, ప్రకృతి పేర్చిన పొరలు మళ్ళీ రావు, అంతా కలగలుపే. పంపులు ఆపినపుడు నీరు మెల్లగా పైకి వస్తుంది. బొగ్గులోనూ షేల్‌లోనూ ఉండే పైరైటు గాలి, నీరు తగిలి గంధకామ్లాన్ని పుట్టించగలదు. కనుక నీరు తిరిగి వచ్చినదా అన్న ప్రశ్నతోపాటు, ఎటువంటి నీరు వచ్చినదన్న ప్రశ్నకూడా వేయాలి.

ఇది కేవలం పటం గొడవ కాదు. గని పక్క ఊరిలో బావి ఎండినపుడు ఒకరు “గనివల్లనే” అంటారు. మరొకరు “గని అంత దూరాన ఉన్నది గదా” అంటారు. ఇద్దరి మనస్సులోనూ ఉన్నది ఈ ఒక్క నీలిగీతే. తీర్పు చెప్పవలసినది దూరం కాదు. ఆ బావి ఏ పొరనుండి నీరు తీసుకుంటున్నది? తవ్వకానికి ముందు ఆ పొరలో మట్టం ఎంత? ఆ యేడు వాన ఎంత కురిసినది? సేద్యపు బోర్లు ఎంత తోడినవి? పొరపొరకు వేరువేరు పరిశీలక బావులు వేసి, గని మొదలుకాకముందునుండి కొలతలు తీస్తేగాని వీటికి జవాబు దొరకదు.

ఉపాధ్యాయులు ఒక ప్రయోగం చేసి చూపవచ్చు. గాజుతొట్టిలో అడుగున తడి ఇసుక, దానిపై రెండంగుళాల మెత్తని బంకమన్ను, ఆపైన మళ్ళీ తడి ఇసుక వేయండి. అంచున గుడ్డకట్టిన గాజుగొట్టాలు మూడు తీసుకొని, ఒకటి పై ఇసుకలోనూ, రెండు అడుగు ఇసుకలోనూ దింపి, బంకమన్నును వాటిచుట్టూ బాగా అదమండి. గొట్టాలలో నీరు నిలిచిన తరువాత, అడుగుకు దిగిన ఒక గొట్టంనుండి పిచికారితో నీరు లాగండి. దాని జత గొట్టంలో మట్టం పడిపోతుంది. పై ఇసుకలోని గొట్టంలో అంతగా కదలదు. అది చూసిన విద్యార్థి మరునాడు బొగ్గుగని పటం గీసేటపుడు నీలిగీతలు రెండైనా గీస్తాడు.