ఆలెన్ సంకలనము – పాకవిచారము

కవితాసంకలనములు రెండు తెగలు. గతించిన కవిత్వము నశింపకుండ దాచుటకై కూర్చునది యొకటి. జరుగుచున్న కవిత్వమును లోకముచేత నొప్పించుటకై కూర్చునది రెండవది. పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరము మొదటి తెగకు చెందినది. అది లేకున్నచో పేరైనను మిగులని కావ్యములు మనకు గలవు. ముద్దుకృష్ణ కూర్చిన వైతాళికులు (1935) రెండవ తెగకు చెందినది. నవ్యకవిత్వమను మాటకు పాఠకుల మనస్సులలో ఒక స్థిరమైన రూపము నిచ్చినది ఆ చిన్నపుస్తకమే. డానల్డ్ ఆలెన్ సంపాదకత్వమున న్యూయార్కునందలి గ్రోవ్ ప్రెస్ వారు 1960లో ప్రకటించిన ‘ది న్యూ అమెరికన్ పొయెట్రీ, 1945–1960’ అను గ్రంథమును మే మీ రెండవ తెగలోనే చేర్చుచున్నాము. రెండవ ప్రపంచయుద్ధమునకు పిదప పుట్టిన అమెరికన్ కవిత్వమును గూర్చి వ్రాయదలచినవా రెవ్వరును దీనిని దాటిపోజాలరు. అయినను దీనిని మెచ్చినవారును, నిందించినవారును ఒక్క పొరపాటునే చేసిరని మా యభిప్రాయము. ఆ పొరపాటును చూపుటయే యీ వ్యాసమున మేము తలపెట్టిన పని.

గ్రంథస్వరూపమును ముందు చెప్పవలసియున్నది. ఇందు 44 మంది కవులు గలరు. వారందరిలో పెద్ద 1909లో గ్లాస్గోలో జన్మించిన హెలెన్ ఆడమ్. చిన్నవారు 1937లో పుట్టిన రాన్ లోవిన్‌సన్, డేవిడ్ మెల్ట్‌జర్‌లు. సంపాదకుడు వీరి నైదు వర్గములుగా విభజించెను. ‘ఆరిజిన్’, ‘బ్లాక్ మౌంటెన్ రివ్యూ’ పత్రికల చుట్టు చేరినవారు, శాన్‌ఫ్రాన్సిస్కోవారు, బీట్ కవులు, న్యూయార్కువారు వరుసగా నాలుగు వర్గములు. ఏ స్థలముతోను ముడిపెట్టుటకు వీలుకానివారు అయిదవ వర్గము. ఈ విభాగము కొంత కృత్రిమమని ఆలెనే పీఠికలో నొప్పుకొనెను. మొదటి వర్గమునందలి డెనీస్ లెవర్టాఫ్, పాల్ బ్లాక్‌బర్న్, లారీ ఐగ్నర్‌లకు బ్లాక్ మౌంటెన్ కళాశాలతో ఏ సంబంధమును లేదు. గ్రంథాంతమున కవులు తమ కావ్యదృష్టిని తామే వివరించుకొన్న వచనభాగ మొకటి గలదు. పద్యములకన్న నీ భాగమే ఎక్కువమందిని ప్రభావితులను జేసినదని చెప్పిన తప్పు గాదు.

దీనికి మూడేండ్లకు ముందు, 1957లో, డానల్డ్ హాల్, రాబర్ట్ ప్యాక్, లూయీ సింప్సన్‌లు కూర్చిన ఇంగ్లండు–అమెరికా నవకవుల సంకలనము రాబర్ట్ ఫ్రాస్టు ఉపోద్ఘాతముతో వెలువడియుండెను. ఒకే దేశపు, ఒకే తరపు కవులను గూర్చి మూడేండ్లలో రెండు సంకలనములు వచ్చినవి. ఒకదానియందున్న కవి యొక్కడును రెండవదానియందు లేడు! ఇంతటి చీలిక మన వాఙ్మయచరిత్రలో వెదకినను దొరకదేమో. 1960లో ‘లైఫ్ స్టడీస్’ కావ్యమునకు జాతీయ గ్రంథపురస్కారము నందుకొనుచు రాబర్ట్ లోవెల్ ఈ చీలికకే పేరు పెట్టెను. వండిన కవిత్వమొకటి, పచ్చి కవిత్వమొకటి అని ఆయన మాట. విద్యాలయములలో పాఠము చెప్పుటకు పనికివచ్చునట్లు నేర్పుతో తీర్చినది మొదటిది; నడిరేయి శ్రోతలకు వడ్డించునది రెండవది. నాటినుండి ఆలెన్ సంకలనము పచ్చికవిత్వమునకు ప్రమాణగ్రంథమైపోయినది. మెచ్చువారు పచ్చిదనమునే మెచ్చిరి, రోయువారు దానినే రోసిరి. ఇరువురును అది పచ్చిదేనా యని యడుగరైరి.

ఇక్కడ మన యాలంకారికులు మాకు తోడుపడుదురు. లోవెల్ చెప్పిన పాకము వంటయింటిది. మనవారి పాకము చెట్టుననున్న ఫలమునకు సంబంధించినది. ద్రాక్షాపాక, కదళీపాక, నారికేళపాకము లన్నప్పుడు పొయ్యి ప్రసక్తి లేదు. పండుట వేరు, వండుట వేరు. ఒక పదమును తొలగించి దాని స్థానమున పర్యాయపదమును నిలుపుటకు వీలుకాని స్థితిని వామనుడు శబ్దపాకమనెను. ఈ లక్షణముతో ఆలెన్ సంకలనమును పరీక్షింతము. రాబర్ట్ క్రీలీ పద్యములలో పంక్తికి మూడు నాలుగు మాటలకు మించి యుండుట యరుదు. ఆ మాటలును ఇంటింట పలుకబడునవే. కాని వానిలో నొకదానిని కదలించితిమా, పద్యమంతయు కూలును. పంక్తి చివర వాక్యము తెగి, క్షణకాలము నిలిచి, సంశయముతో ముందునకు సాగును. ఆ సంశయమే పద్యమునందలి భావము. క్రీలీ తన పద్యములను చదువునప్పుడు ప్రతి పంక్తి చివరను ఆగెడివాడు. ఇంతకన్న పక్వమైన శబ్దరచన 1957నాటి సంకలనమునం దెన్నిచోట్ల గలదో వెదకి చూడవలసినదే. ఫ్రాంక్ ఓహారా సంగతియు నిట్టిదే. మధ్యాహ్నభోజనవేళ వీథులలో తిరుగుచు, కన్నదానినెల్ల చెప్పుచుపోయినట్లుండు నాతని పలుకులలో ఎక్కడ వేగము హెచ్చవలెనో, ఎక్కడ చప్పున నాగవలెనో తెలిసిన చేయి కనబడుచున్నది.

ఇక గిన్స్‌బర్గ్. వామనుని లక్షణ మీతనికి పొసగదు. ‘హౌల్’ నందలి దీర్ఘపంక్తులలో వరుసగా పేర్చిన దృశ్యములలో నొకటి రెండు తొలగించినను, మార్చినను పద్యము నిలుచును. దీనిని చూచియే పలువురు పచ్చికవిత్వమనిరి. కాని రాజశేఖరుని కావ్యమీమాంసలో అవంతిసుందరి వామనునిపై చేసిన యాక్షేపమును మరువరాదు. పదము మార్చ వీలులేకపోవుట పాకము గాదు, అది అశక్తి. మహాకవులకు ఒకే విషయమున పెక్కు పాఠములు గుదురును. రసోచితమైన శబ్దార్థనిబంధమే పాకమని యామె మతము. గిన్స్‌బర్గ్ నీ కొలతతో చూడవలెను. పదమునకు పదము మారవచ్చును గాని ఊపిరి మారదు. మొదటినుండి తుదివరకు బిగిసి, తెగబోయి, మరల నందుకొను ఆ శ్వాసయందే యాతని పాకము గలదు. పైగా ఆ పద్య మొక్క యూపున పుట్టినదన్న కథయు నిలువదు. 1986లో ప్రకటితమైన చిత్తుప్రతుల ప్రతిరూపమును చూచినవారికి ఆతడెన్నిసార్లు దిద్దుకొనెనో విదితమే. 1955 అక్టోబరులో సిక్స్ గ్యాలరీలో వినిపించినదియు, 1956లో అచ్చయినదియు, 1957లో న్యాయస్థానము అశ్లీలము కాదని తేల్చినదియు నైన ఆ పద్యము వ్రాతబల్లమీద పెరిగిన పద్యమే. దిద్దకుండ వ్రాయవలెనన్న నియమమును నిజముగా నమ్మిన కెరువాక్ పద్యములు మాకు పలుచనగా తోచినవి. ఈ సంకలనమున పచ్చిదన్న పేరు తగునది ఏదైన నున్నచో అదియే.

చార్లెస్ ఓల్సన్ 1950లో ప్రకటించిన ‘ప్రొజెక్టివ్ వర్స్’ వ్యాసము వచనభాగమున కాయువుపట్టు. అక్షరమునకు చెవి ప్రమాణము, పంక్తికి కవి యూపిరి ప్రమాణమని యాతని సిద్ధాంతము. దీనిని చదివినప్పుడు మాకు యతి గుర్తువచ్చినది. సంస్కృతచ్ఛందస్సున యతి యనగా విశ్రామస్థానము; ఊపిరి తీసికొను చోటు. తెలుగున అది అక్షరమైత్రిగా మారినది. విశ్రామము దానికి ముఖ్యము గాదు. మన పద్యమున వాక్యము పాదాంతమును లెక్కచేయక పారును. చదువువాడు అర్థమునుబట్టి ఆగునే గాని గణమునుబట్టి ఆగడు. కావున ఛందస్సు వేరు, ఊపిరి వేరు అని తెలుగు పాఠకునికి ఓల్సన్ చెప్పనక్కరలేదు. ఈ రెండింటిని ఒకటి చేయవలెనన్నది మాత్రమే యాతని క్రొత్త కోరిక. టైపుయంత్రము కాగితముమీద ఊపిరిని ఖచ్చితముగా కొలిచి చూపగలదని యాతడు నమ్మెను. ఆ నమ్మకమును నిజము చేసినది ఆతని సొంత పద్యములకంటె క్రీలీ, లెవర్టాఫ్‌ల పద్యములే. ఓల్సన్ పద్యములలో పాండిత్యము ఊపిరికి అడ్డుపడును.

సంపాదకుని దోష మింకొకచోట నున్నది. 44 మందిలో స్త్రీలు నలుగురే: ఆడమ్, మాడెలిన్ గ్లీసన్, లెవర్టాఫ్, బార్బరా గెస్ట్. నల్లజాతికవి యొక్కడే: లెరోయ్ జోన్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో వీథులవెంట పద్యములు వినిపించుచున్న బాబ్ కాఫ్మన్ ఇందు లేడు. 1950లోనే పులిట్జర్ బహుమానము నందిన గ్వెండొలిన్ బ్రూక్స్‌ను పీఠికయందలి పూర్వకవుల పట్టికలో నైనను చేర్చలేదు. క్రొత్తదనమును వెదకబోయిన సంకలనమున ఈ లోపము చిన్నది గాదు. దానికి సమాధానము ఆ యొక్క కవియే చెప్పెను. 1965లో హార్లెమునకు తరలిపోయి, పిదప అమిరి బరాకాగా పేరు మార్చుకొన్న జోన్స్, ల్యారీ నీల్‌తో గలసి 1968లో ‘బ్లాక్ ఫైర్’ అను సంకలనమును తానే కూర్చెను. విమర్శకు వ్యాసమే యక్కరలేదు. వేరొక సంకలనమును విమర్శయే.

తెలుగునాట ఈ గ్రంథమును గూర్చిన ప్రసంగము బీట్ కవులవద్ద మొదలై అక్కడనే ముగియుచుండును. 44 మందిలో బీట్ వర్గమున నున్నవారు నలుగురే యని పలువురు గమనింపరు. గిన్స్‌బర్గ్ 1962–63లో భారతదేశమున సంచరించుటయు, 1965లో దిగంబరకవుల మొదటి సంపుటము వెలువడుటయు వెంటవెంట జరుగుటచే పోలిక సులభమైనది. కోపమును సంకలనరూపమున ప్రకటించుటలో సామ్యము గలదు, కాదనము. కాని దిగంబరకవుల కోపమునకు గురి సమాజవ్యవస్థ. 1970లో విప్లవరచయితల సంఘ మేర్పడినప్పుడు ఆర్గురిలో నల్గురు దానియందు చేరుటయే యిందులకు సాక్ష్యము. బీట్ కవుల మార్గము బౌద్ధమువైపునకును, ఏకాంతదర్శనమువైపునకును సాగినది. పోలికకు తొందరపడి మనము కోల్పోయినది క్రీలీని, ఓహారాను, ఆష్‌బరీని, స్నైడర్‌ను. వీరిలో స్నైడర్ 1975లోను, ఆష్‌బరీ 1976లోను పులిట్జర్ బహుమానమును పొందిరి. విద్యాలయములు వెలివేసిన కవిత్వమన్న మాట అప్పటికే పాతబడినది.

హెలెన్ ఆడమ్‌ను గూర్చి కొంత చెప్పక ముగింపజాలము. ఆమె వ్రాసినవి స్కాట్లండు జానపదగేయముల ఫక్కిలో నడచు కథాగేయములు. అంత్యప్రాసలు, సమచరణములు, దయ్యములు, మాయలు. పౌండ్, విలియమ్స్‌ల బాటయే ఈ తరమువారి బాట యని పీఠికలో చాటిన సంపాదకుని సిద్ధాంతమున కివి పూర్తిగా విరుద్ధములు. సిద్ధాంతము కాదనుచున్నను చెవి యవుననుటచేతనే ఆలె నామెను చేర్చుకొనియుండవలెను. ఈ యొక్క స్ఖలనముచేతనే యాతనియందు మాకు విశ్వాసము కలిగినది. 1982లో జార్జ్ బటెరిక్‌తో గలసి ఆతడు గ్రంథమును ‘ది పోస్ట్‌మోడర్న్స్’ అను పేర సవరించెను. 15 మందిని తొలగించి 9 మందిని చేర్చి కవులసంఖ్యను 38కి తగ్గించెను. డయేన్ డి ప్రైమా, జోఆన్ కైగర్, ఆన్ వాల్డ్‌మన్ అప్పుడు చేరిరి, అది మేలే. తొలగినవారిలో ఆడమ్ ఒకతె. సిద్ధాంత మప్పటికి చెవిని జయించినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు 1999లో మరల ముద్రించునప్పుడు 1960నాటి పాఠమునే గ్రహించిరి. ఆమె కథాగేయములు అందు యథాస్థానమున నున్నవి.